హితబోధ లేకుండా హితమైన జీవితమా?



కొంతకాలం క్రితం మాలో ఇద్దరం ఒక సహోదరిని పరామర్శించడానికి వెళ్ళాము. ముప్పై ఏళ్ళకు పైగా సంఘంలో ఉన్న మనిషి. ఆదివారపు ఆరాధన తప్పరు, శుక్రవారపు ఉపవాస కూడిక తప్పరు. చాలాకాలంగా షుగర్ ఉంది, రోజూ ఇన్సులిన్ చేసుకునేవారు. ఊళ్ళో మూడు రోజుల కూటాలు జరిగినప్పుడు బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడొకరు ఆమె తలమీద చెయ్యి ఉంచి ప్రార్థించి, స్వస్థత కలిగిందనీ, ఇకమీదట మందు ముట్టుకుంటే అది అవిశ్వాసమనీ చెప్పారట. ఆమె నమ్మారు. ఇంజెక్షన్లు మానేశారు. కాలికి తగిలిన చిన్న దెబ్బ పుండైంది. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి రెండు వేళ్ళు తీసేయవలసి వచ్చింది.

మేము వెళ్ళినప్పుడు ఆమె కాలి గురించి పెద్దగా మాట్లాడలేదు. "అయ్యగారూ, నా విశ్వాసం ఎక్కడ తక్కువైందంటారు?" అని అడిగారు. వేళ్ళు పోయినందుకు కాదు ఆమె ఏడుపు, దేవుడు తనను త్రోసివేశాడేమోనని.

ఆ ప్రసంగీకుడు మరో ఊరి కూటాలకు వెళ్ళిపోయారు. ఆయనను తప్పుపట్టడం తేలిక. కానీ తిరిగి వచ్చే దారిలో మమ్మల్ని వేధించిన సంగతి వేరు. ముప్పై ఏళ్ళు ఆమె మన మధ్య కూర్చుని ప్రసంగాలు విన్నారు. రోగాన్ని గురించి, మందును గురించి, ప్రార్థనను గురించి దేవుని వాక్యం ఏమి చెబుతుందో ఆ ముప్పై ఏళ్ళలో ఒక్కసారైనా ఆమెకు కుదురుగా నేర్పి ఉంటే, మూడు రోజుల కూటాల్లో విన్న మాట ఆమెను అంత తేలికగా పడగొట్టి ఉండేదా?

సిద్ధాంతం అనే మాట వినగానే మన సంఘాల్లో చాలామందికి ఆవలింత వస్తుంది. అది సెమినరీలో చదువుకునేవాళ్ళ గొడవ, మాకు జీవితానికి పనికొచ్చే మాట చెప్పండి అంటారు. సిద్ధాంతాల వల్లే సంఘాలు చీలిపోయాయి, ప్రేమ ఉంటే చాలు అనేవారూ ఉన్నారు. ఈ మాటల్లో నిజం బొత్తిగా లేదని మేము అనము. బాప్తిస్మం విషయంలోనూ, సబ్బాతు విషయంలోనూ అన్నదమ్ములు ఏళ్ళ తరబడి మాట్లాడుకోకపోవడం మనం చూసినదే. అయినా ఒక్క మాట ఆలోచించండి. ఆ సహోదరి చేత ఇన్సులిన్ మాన్పించినది ఏమిటి? ఒక సిద్ధాంతమే. దేవుడు తన పిల్లలను ఈ లోకంలోనే ప్రతి రోగం నుండి తప్పక విడిపిస్తాడు, విడిపించలేదంటే లోపం విశ్వాసిదే అన్న సిద్ధాంతం. నాకు సిద్ధాంతాలతో పని లేదు అనేవారికి కూడా ఒక సిద్ధాంతం ఉంటుంది. అది ఎక్కడ నుంచి వచ్చిందో వారు చూసుకోరు, అంతే.

అపొస్తలుడైన పౌలు తిమోతికి, తీతుకు రాసిన పత్రికల్లో మన తెలుగు బైబిలు హితబోధ అనే చక్కని మాట వాడింది. మూలభాషయైన గ్రీకులో అక్కడ ఉన్న మాట ఆరోగ్యానికి సంబంధించినది. హుగియైనో అంటే ఆరోగ్యంగా ఉండడం. శుభ్రతకు మనం వాడే హైజీన్ అన్న మాటకు మూలం ఆ కుటుంబంలోనిదే. ఆరోగ్యవంతులకు వైద్యుడు అక్కరలేదని లూకా 5:31లో ప్రభువు చెప్పినప్పుడు ఉన్నది ఈ మాటే. తప్పిపోయిన కుమారుడు క్షేమంగా తిరిగి వచ్చాడని లూకా 15:27లో పనివాడు చెప్పినప్పుడూ ఇదే మాట. కాబట్టి హితబోధ అంటే ముందుగా ఒంటికి పట్టే బోధ, మనిషిని నిలబెట్టే బోధ. డాక్టరు పథ్యం చెప్పినట్టు. తప్పుడు బోధకు పౌలు ఇచ్చిన పోలిక కూడా వైద్యుల లోకంలోనిదే. 2 తిమోతి 2:17లో అది కొరుకుపుండులా ప్రాకుతుందని అన్నాడు. ఆ సహోదరి కట్టు కట్టిన కాలు చూసి వచ్చిన తరువాత ఆ వచనాన్ని మేము మునుపటిలా చదవలేకపోతున్నాము.

తీతు పత్రిక రెండవ అధ్యాయం ఇంకా ఆశ్చర్యం. క్రేతు ద్వీపంలో సంఘాలను చక్కబెట్టడానికి తీతును ఉంచి వచ్చాడు పౌలు. అక్కడ కొందరు లాభం కోసం అనకూడని సంగతులు బోధిస్తూ కుటుంబాలకు కుటుంబాలనే పాడుచేస్తున్నారు. నీవైతే హితబోధకు తగిన సంగతులు చెప్పు అంటాడు. ఆ మాట తరువాత త్రిత్వాన్ని గురించో, అంత్యదినాలను గురించో వివరణ వస్తుందని ఎదురుచూస్తాము. వచ్చేది ఏమిటి? వృద్ధులు మితంగా ఉండాలి. వృద్ధ స్త్రీలు కొండెములు చెప్పకూడదు, తాగుడుకు బానిసలు కాకూడదు. పడుచువారు స్వస్థబుద్ధి గలవారై ఉండాలి. దాసులు యజమాని సొత్తులో చేతివాటం చూపకూడదు. ఇంటి వసారాలో, పొలంలో, వంటగదిలో జరిగే సంగతులు! ఇవన్నీ ఎందుకో పదకొండవ వచనం నుంచి చెబుతాడు. దేవుని కృప ప్రత్యక్షమైంది, ఆ కృపే మనకు ఎలా బ్రతకాలో నేర్పుతోంది. వేరు అది, కాయ ఇది. దాసుడు దొంగిలించకుండా ఉంటే దేవుని ఉపదేశాన్ని అలంకరించినట్టే అని కూడా అన్నాడు. బోధకు నగ పెట్టడమన్నమాట, అదీ ఒక దాసుడి చేతుల మీదుగా.

ఇక రోగం సంగతి. దేవుడు స్వస్థపరుస్తాడు. మేము దానిని నమ్ముతాము, ప్రార్థిస్తాము, స్వస్థత చూశాము కూడా. రోగియైనవాడు సంఘపు పెద్దలను పిలిపించుకోవాలనీ, వారు నూనె రాసి ప్రార్థన చేయాలనీ యాకోబు పత్రిక స్పష్టంగా చెబుతుంది. కానీ ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయి మిగతా గ్రంథాన్ని మూసివేసే హక్కు మనకు లేదు. రాజైన హిజ్కియా మరణకరమైన రోగంతో ఉన్నప్పుడు దేవుడు అతని కన్నీళ్ళు చూసి పదిహేను సంవత్సరాల ఆయుష్షు పెంచాడు. వాగ్దానం చేసిన దేవుడే, అదే యెషయా నోట, అంజూరపు పండ్ల ముద్ద పుండుకు కట్టమన్నాడు. కట్టు కట్టినందుకు హిజ్కియాను అవిశ్వాసి అని ఎవరూ అనలేదు. పౌలు వెంట నడిచిన లూకా వైద్యుడు. తిమోతికి కడుపు జబ్బు, తరచుగా వచ్చే బలహీనత ఉన్నాయి. పౌలు అతనికి ఒట్టి నీళ్ళే తాగకుండా కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని సలహా రాశాడు, విశ్వాసం పెంచుకోమని కాదు. ఎపఫ్రొదితు చావుకు దగ్గరై బ్రతికాడు. తన శరీరంలోని ముల్లు తీసివేయమని పౌలే మూడుసార్లు వేడుకున్నాడు, ముల్లు పోలేదు, కృప దొరికింది. అన్నిటికంటే మా మనసుకు తగిలేది 2 తిమోతి 4:20లోని చిన్న మాట. త్రోఫిము రోగియై ఉంటే అతనిని మిలేతులో విడిచి వచ్చానని రాస్తాడు. ఎవరి చేతిగుడ్డలు వేస్తే రోగాలు పోయాయని అపొస్తలుల కార్యములు 19లో చదువుతామో, ఆ పౌలే తన తోటి పనివాణ్ణి మంచం మీద విడిచి ప్రయాణం సాగించాడు. అతని విశ్వాసం మీద ఒక్క నింద లేదు.

యోబు స్నేహితుల సంగతి తెలిసిందే. ఏడు దినాలు నేలమీద మౌనంగా కూర్చున్నంతసేపు వారు మంచి స్నేహితులే. నోరు తెరిచాకే వచ్చింది చిక్కు. పాపం చేయనిదే ఇంత బాధ రాదు అన్నది వారి సిద్ధాంతం. గ్రంథం చివర దేవుడు వారి మీద కోపించినది ఎందుకు? యోబును గాయపరిచినందుకని మనం రాస్తాము. దేవుడు చెప్పిన కారణం వేరు. వారు తనను గురించి యుక్తమైనది పలకలేదని అన్నాడు. రోగి మంచం పక్కన కూర్చుని దేవుని గురించి తప్పు మాట్లాడడం దేవుని దృష్టిలో ఎంత బరువైన విషయమో దీన్నిబట్టి తెలుస్తుంది.

రోగం ఒక్కటే కాదు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మనం తీసుకునే వాగ్దాన కార్డును చూడండి. చాలామంది చేతికి వచ్చేదీ, గోడ క్యాలెండర్ల మీద కనిపించేదీ, తెల్లవారగానే వాట్సాప్‌లో వచ్చేదీ యిర్మీయా 29:11. దేవుడు మన విషయమై తలపెట్టినవి హానికరమైనవి కావు, సమాధానకరమైనవే అని చెప్పే వచనం. మంచి వచనం. దానిమీద ఇల్లు కట్టుకుంటారు, వీసా వస్తుందని ఎదురుచూస్తారు, ఆడపిల్లకు సంబంధం కుదురుతుందని ఆశిస్తారు. అక్టోబరు నాటికి అవేవీ జరగకపోతే దేవుడు మాట తప్పాడా అని లోలోపల అనుకుంటారు, బయటికి అనరు.

ఆ వచనం ఒక ఉత్తరంలోది. నెబుకద్నెజరు యెరూషలేము నుండి చెరపట్టి బబులోనుకు తీసుకుపోయినవారికి యిర్మీయా పంపిన ఉత్తరం. దానికి ముందున్న పదవ వచనంలో డెబ్బై సంవత్సరాలు అని ఉంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవారిలో చాలామంది బబులోను మట్టిలోనే కలిసిపోతారు. మేలు తప్పకుండా వస్తుంది, అయితే దాన్ని చూసేది వారి మనవలు. మరి అంతవరకు ఏమి చేయాలి? ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి, మీరున్న ఆ పట్టణపు క్షేమం కోసం ప్రార్థించండి అని అదే ఉత్తరం చెబుతుంది. శత్రువుల పట్టణం కోసం!

దీనికి ముందు అధ్యాయంలో హనన్యా ఉన్నాడు. అతడూ యెహోవా పేరిటే మాట్లాడాడు. రెండేళ్ళలో అందరూ తిరిగి వస్తారు, దేవాలయపు పాత్రలు కూడా వస్తాయి అన్నాడు. యిర్మీయా మెడమీద ఉన్న కాడిని తీసి జనం ఎదుట విరిచాడు. ఈ రోజుల్లో అయితే ఆ వీడియో ఎంతమంది పంచుకునేవారో. యిర్మీయా తానే మొదట ఆమేన్ అన్నాడు, అలాగే జరిగితే ఎంత బాగుండు అన్నట్టు. కానీ అది దేవుడు చెప్పిన మాట కాదు. ఇద్దరి బోధల్లో తేడా ఎక్కడ కనబడుతుందో ఆలోచించండి. హనన్యాను నమ్మినవాడు బబులోనులో మొక్క నాటడు, రెండేళ్ళకోసం ఎందుకు నాటుతాడు? మూట విప్పకుండా కూర్చుంటాడు. రెండేళ్ళు గడిచాక అతనికి ఇల్లూ ఉండదు, తోటా ఉండదు, దేవుని మీద నమ్మకమూ ఉండదు. యిర్మీయాను నమ్మినవాడు కన్నీళ్ళతోనే గుంట తవ్వి విత్తనం వేస్తాడు. హనన్యా బోధ వినడానికి తియ్యగా ఉంది, బ్రతకడానికి పనికిరాలేదు. అతడు ఆ సంవత్సరమే ఏడవ నెలలో చనిపోయాడని గ్రంథం చెబుతుంది.

వాగ్దాన కార్డులు మానేయమని మేము చెప్పడం లేదు. కార్డు తీసుకున్న రోజునే ఆ అధ్యాయం మొత్తం చదవండి. అప్పుడు ఆ వాగ్దానం చిన్నదైపోదు, మనం అనుకున్నదానికంటే పెద్దదని తెలుస్తుంది. రెండేళ్ళకు కాదు, డెబ్బై ఏళ్ళ చీకటికి సరిపోయే వాగ్దానం అది.

ఇప్పుడు కొంచెం నొప్పి కలిగించే సంగతి. తప్పుడు బోధ ఎప్పుడూ ప్రసంగ వేదిక మీద నుంచే రాదు. అంతియొకయలో పేతురు తప్పుగా ఒక్క మాట కూడా ప్రసంగించలేదు. అన్యజనులతో కలిసి భోజనం చేస్తూ ఉన్నవాడు, యాకోబు దగ్గర నుంచి కొందరు రాగానే వారికి భయపడి వేరుపడ్డాడు. పంక్తి మారాడు, అంతే. మిగతా యూదులు అతని వెంట వెళ్ళారు, బర్నబా కూడా వెళ్ళాడు. దానిని పౌలు మర్యాద లోపమనో, అలవాటు అనో సరిపెట్టుకోలేదు. సువార్త సత్యానికి తగినట్టు నడవడం లేదని అందరి ఎదుట నిలదీశాడు. గలతీయులకు రాసిన పత్రిక రెండవ అధ్యాయం చదవండి. మనిషి విశ్వాసం వల్లనే నీతిమంతుడుగా తీర్చబడతాడన్న గొప్ప ఉపదేశం పౌలు అక్కడ వివరించినది విస్తరాకు దగ్గర జరిగిన ఈ గొడవను ఆధారం చేసుకునే.

మన సంఘాల్లో ఈ అధ్యాయం మీద ప్రసంగాలు చాలా విన్నాము. అయినా పెళ్ళి సంబంధం దగ్గరకు వచ్చేసరికి ఏ కులం అని అడగకుండా మాట ముందుకు సాగదు. కొన్ని ఊళ్ళలో ఒకే ప్రభువును కొలిచేవారికి రెండు గుడులు ఉన్నాయి. విశ్వాస ప్రమాణం తప్పులేకుండా చెప్పే పెద్దమనిషే కొడుకు పెళ్ళిలో కట్నం లెక్కపెట్టుకుంటాడు, పైగా దేవుడు దీవించాడని సాక్ష్యం చెబుతాడు. ఇది క్రమశిక్షణ విషయమే, సిద్ధాంతం విషయం కాదని మనం అనుకుంటాము. పౌలు అలా అనుకోలేదు. 1 తిమోతి మొదటి అధ్యాయంలో హితబోధకు విరోధమైనవాటి జాబితా రాస్తూ నరహంతకులను, వ్యభిచారులను, మనుష్యులను అమ్ముకునేవారిని, అబద్ధికులను వరుసగా చేర్చాడు. అబద్ధం ఆడేవాడు నోటితో ఏ సిద్ధాంతం ఒప్పుకున్నా, అతని నాలుక హితబోధకు అడ్డం తిరిగినట్టే.

అందుకే బోధ విషయంలో జాగ్రత్త అంటే ఎదుటివారి తప్పులు పట్టుకునే పని అని మేము అనుకోము. ప్రకటన గ్రంథంలో ఎఫెసు సంఘాన్ని చూడండి. అపొస్తలులమని చెప్పుకునేవారిని పరీక్షించి అబద్ధికులని తేల్చిన సంఘం అది. ప్రభువు దానిని మెచ్చుకున్నాడు కూడా. మెచ్చుకున్న నోటితోనే మొదటి ప్రేమను విడిచిపెట్టావని గద్దించాడు. యూట్యూబులో ప్రతి రాత్రి ఒక సేవకుడిని ఏకిపారేసే సహోదరులు ఈ రెండు వచనాలనూ కలిపి చదవాలని మనవి. సరిదిద్దడం ఎలాగో చూడాలంటే ఎఫెసులోనే అకుల, ప్రిస్కిల్ల ఉన్నారు. అపొల్లో విద్వాంసుడు, లేఖనాలలో ప్రవీణుడు, కానీ అతనికి యోహాను బాప్తిస్మం వరకే తెలుసు. సమాజమందిరంలో అతను మాట్లాడుతుండగా వారు మధ్యలో లేచి ఆపలేదు. తమ దగ్గరకు చేర్చుకుని దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా వివరించారు. డేరాలు కుట్టి బ్రతికే భార్యాభర్తలు ఒక పండితుడికి పాఠం చెప్పారు, అతను విన్నాడు. ఇందులో ఎవరు ఎక్కువ గొప్పవారో చెప్పడం కష్టం.

డేరాలు కుట్టేవారికి ఇంత తెలిసిందంటే, బోధ చదువుకున్నవారి సొత్తు కాదన్నమాట. మార్టిన్ లూథరు 1528లో సాక్సనీ ప్రాంతపు పల్లె సంఘాలను చూడబోయి, అక్కడి విశ్వాసులకు పది ఆజ్ఞలు కూడా తెలియవని గుండె పగిలి, 1529లో చిన్న ప్రశ్నోత్తర గ్రంథం రాశాడు. అది పండితుల కోసం కాదు, ఇంటి యజమాని తన భార్యాపిల్లలకూ పనివారికీ నేర్పడం కోసం. 1842లో హయ్యర్ దొర గుంటూరుకు వచ్చిన తరువాత ఆంధ్రలో నాటుకున్న లూథరన్ సంఘాల్లో మన తాతలు దాన్నే వల్లె వేశారు. డోర్నకల్ బిషప్పుగా 1912లో అభిషేకం పొందిన అజరయ్యగారి కాలంలో, పొలాల్లో కూలికి పోయే అక్షరం రాని కుటుంబాలు బాప్తిస్మానికి ముందు ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం కంఠతా నేర్చుకునేవి, పాటల రూపంలో వాక్యం నేర్చుకునేవి. ఇప్పుడు మనకు చదువు ఉంది, ఫోనులో పదిరకాల బైబిళ్ళు ఉన్నాయి. పది ఆజ్ఞలు వరుసగా చెప్పమంటే ఈ ఆదివారం మీ సంఘంలో ఎంతమంది చెప్పగలరో పరీక్షగా అడిగి చూడండి. ముందుగా మమ్మల్ని మేము అడుగుకున్నాము, మా కార్యాలయంలో ఫలితం అంత గొప్పగా లేదు.

కాపరులకు మా మనవి ఒకటే. నెలకు ఒక ఆదివారమైనా, పోనీ ఒక బుధవారపు కూడికైనా, విశ్వాసులు లేచి ప్రశ్నలు అడిగే వీలు కల్పించండి. మందులు వేసుకోవచ్చా అన్న ప్రశ్న ఆ సహోదరి తన కాపరిని అడగలేకపోయారు. అడిగితే విశ్వాసం లేనిదాన్ని అనుకుంటారేమోనని భయమట. బెరయవారు పౌలు చెప్పినదాన్నే నిజమా కాదా అని ప్రతిదినం లేఖనాలు తిరగేసి చూశారు. వారిని ఘనులని లూకా రాశాడు, ధిక్కారులని కాదు. విశ్వాసులారా, మీరు విన్న ప్రసంగంలోని వచనాన్ని ఇంటికి వెళ్ళాక తెరిచి, ఎవరు ఎవరికి రాశారో, పైన ఏముందో, కింద ఏముందో చూడండి. సగం తప్పుడు బోధలు పై వచనం చదివితేనే పడిపోతాయి.

ఆ సహోదరి దగ్గరకు మరుసటి వారం మళ్ళీ వెళ్ళాము. ఏ ఉపన్యాసమూ చెప్పలేదు. తిమోతి రెండవ పత్రిక చివరి అధ్యాయం నెమ్మదిగా చదివాము. త్రోఫిము దగ్గరకు వచ్చేసరికి ఆమె ఆపమన్నారు. మళ్ళీ చదవమన్నారు. చదివాము.

"పౌలుగారు అతనికోసం ప్రార్థన చేసే ఉంటారు కదండీ?" అన్నారు.

చేసే ఉంటారమ్మా అన్నాము.

"అయినా అతను మంచం మీదే ఉన్నాడు." కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత కోడలిని పిలిచి, ఫ్రిజ్‌లో ఉన్న ఇన్సులిన్ తీసుకురమ్మన్నారు. భోజనానికి ముందు చేసుకోవాలట. సూది చేతిలో పట్టుకుని కళ్ళు మూసుకున్నారు, అన్నం ముందు కూర్చుని కృతజ్ఞత చెప్పేటప్పుడు మూసుకున్నట్టే.